కుడివైపు సీటు

హిందూపురంలో శుభలేఖలు అచ్చువేసేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. ముహూర్తం పక్కన నక్షత్రం పేరు తప్పుపడితే "పోనీలేప్పా" అని సర్దుకునేవాళ్ళుంటారు. ఆహ్వానించేవారి పేర్ల పక్కన చదువో ఉద్యోగమో తప్పుపడితే మాత్రం అంగడి ముందే పంచాయితీ పెడతారు. అందుకే పట్టుచీరల అంగడి రంగనాథ్, తమ్ముడి కొడుకు శరత్ పెళ్ళికి శుభలేఖ వేయిస్తున్నప్పుడు దగ్గరుండి అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. అందరి పేర్లూ సరిగ్గానే పడ్డాయి. కింది వరుసలో తన కూతురి పేరు ముందు మాత్రం లేనిదొకటి చేర్పించాడు. "కెప్టెన్ కీర్తన, పైలట్."

కీర్తన పైలట్ అన్నది నిజం. కెప్టెన్ మాత్రం ఇంకా కాలేదు.

శుభలేఖల కట్టలు ఇంటికొచ్చిన మధ్యాహ్నం రంగనాథ్ తల్లి నీలావతమ్మ పసుపు గిన్నె ముందర పెట్టుకొని, ఒక్కొక్క కార్డు నాలుగు మూలలకూ వేలితో పసుపు అద్దుతూ కూర్చుంది. ఆమె ఏ కాగితమూ చదవకుండా కింద పెట్టే మనిషి కాదు. పొట్లం కట్టిన పేపరు ముక్కను కూడా విప్పి, సాపు చేసి, తెగిపోయిన వార్తలో తరువాత ఏమైందో అని రెండు రోజులు బాధపడుతుంది. శుభలేఖ కూడా ఆ చివర నుంచి ఈ చివరదాకా చదివింది. చదివి, పసుపు వేలు గాలిలోనే పెట్టుకొని ఆగింది.

"రంగా, ఈడ కెప్టెన్ అని ఉండాదే! మన పాప ఎప్పుడైందిరా కెప్టెను? నాకి చెప్పనేలేదే."

"అయినట్లే కదమ్మా. కొత్త కంపెనీవాళ్ళు రమ్మంటాండారు. నెలాఖరు లోపల సంతకం పెడితే కెప్టెన్ సీటు దానిదే. ఎట్లయినా అయ్యేదానికి పేరు ముందే వేయిస్తే తప్పేముంది?"

"పెడతానన్నెనా అది?"

"పెట్టకేం చేస్తాది? ఇంటికొచ్చిన లక్ష్మిని ఎవరైనా పొమ్మంటారా?"

పక్కనే కార్డులు లెక్కకు సర్దుతున్న ఎదురింటి ఆదిలక్ష్మి మూతి తిప్పింది. "మా ఇండ్లలో కెప్టెన్ అంటే క్రికెట్టే నీలావతక్కా. మీ ఇంట్లో ఏకంగా విమానం కెప్టెను! ఇంక మీ రంగనాథుడు నేల మీద నడుస్తాడంటావా?"

నీలావతమ్మ నవ్వింది గానీ ఆమె వేలు మళ్ళీ పసుపులో మునగడానికి కొంచెంసేపు పట్టింది. మనవరాలు కెప్టెన్ కావాలన్న ఆశ ఆమెకూ లేకపోలేదు. కానీ, కాకముందే అచ్చులో పడిన మాటను చూస్తే, నేయకముందే అమ్మేసిన చీరను చూసినట్టు అనిపించింది.

కీర్తన ఆ అంగడిలోనే పెరిగిందనాలి. చంటిపిల్లగా ఉన్నప్పుడు చీరల మూటల మధ్యన పడుకోబెడితే కదలకుండా నిద్రపోయేది. ఒకసారి అమ్మ వైపు తాత ఆమెను యలహంకలో విమానాల ప్రదర్శనకు తీసుకుపోయాడు. ఆ చప్పుడుకు చుట్టుపక్కల పిల్లలంతా చెవులు మూసుకొని ఏడుస్తుంటే, ఈ పిల్ల తాత భుజాల మీద నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయిందట. ఇంటికి వచ్చాక తాతను పట్టుకొని అడిగిందట. "తాతా, దాన్ని ఎవరు తోలుతాండారు?" "లోపల మనిషి ఉంటాడులే పాపా." "ఒక్కరేనా?" తాతకు జవాబు తెలియలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జవాబు మాత్రం ఈ పిల్లే పోయి తెలుసుకొని వచ్చింది.

మొదటిసారి తెల్లచొక్కా, నల్ల టై, భుజాల మీద బంగారు గీతలతో రైలు దిగి బజారులో నడిచి వస్తుంటే, ఇదే ఆదిలక్ష్మి "ఏమే కీర్తూ, బ్యాండుమేళంలో చేరినావా?" అని అడిగింది. ఆ మాటకు వీధంతా నవ్వింది. కీర్తన కూడా నవ్వి, "అవునత్తా, పైన వాయిస్తాండాము" అంది.

నీలావతమ్మకైతే మనవరాలు ఇంటికి వచ్చినప్పుడల్లా పండగే. పిల్ల చేతిలో కాఫీ లోటా పెట్టి, ఎదురుగా కూర్చొని, ప్రశ్నల మీద ప్రశ్నలు. ఎదురుగా ఇంకో విమానం వస్తే ఎవరు పక్కకు జరగాల? మబ్బు లోపలికి పోతే తడి తగులుతాదా? పిడుగు పడితే? నడిమధ్యన నిద్ర వస్తే? కీర్తన విసుగు లేకుండా చెప్పేది. అన్నింటిలోకీ ఆ ముసలామెను ఆశ్చర్యపరిచింది తిండి సంగతి. ముందర కూర్చునే ఇద్దరూ ఒకే వంట తినరట. ఒకరు అన్నం తింటే ఇంకొకరు రొట్టె తింటారట. తిన్నది పడక ఒకరికి కడుపు చెడినా, రెండోవారు బాగుండాలని.

"అంత ముందుచూపా!" అని నీలావతమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆ తరువాత కలిసినవాళ్ళకల్లా ఆ మాటే చెప్పింది. కొళాయి దగ్గర చెప్పింది, గుళ్ళో చెప్పింది, గోరంట్ల బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పింది.

సెలవుకు వచ్చిన కీర్తన శుభలేఖ చూసింది. చూసి, చెప్పులు కూడా విప్పకుండా పడసాలలో అట్లే నిలబడింది.

"నాయనా, ఇదేంది?"

"అచ్చయిపోయిందిలే పాపా. అందరికీ పంచేసినాము కూడా. అగళి, గుడిబండ, మడకశిర, అన్ని ఊర్లకూ పోయినాయి."

"నేను ఒప్పుకున్నానని నీకు ఎవరు చెప్పినారు?"

రంగనాథ్‌కు కోపం వచ్చినప్పుడు అంగట్లో మాట్లాడే గొంతే ఇంట్లోనూ వస్తుంది. "ఒప్పుకోకపోవడానికి ఏముందంటా? అదే విమానం, అదే రంగు, తోకమీద అదే గుర్తు. టికెట్టు మీద కూడా మీ కంపెనీ పేరే. తోలే పని మాత్రం ఇంకొకరికి ఇస్తాండారు, అంతే కదా? మన అంగడి లేదా? చీర పెట్టె మీద మన పేరు ఉంటాది. నేసేది ధర్మవరంలో ముత్యాలప్ప. దానివల్ల చీరకు ఏమైనా అయిందా?"

వంటింట్లో నుంచి కీర్తన తల్లి సుమతి, "అన్నం తిన్నాక కొట్లాడండప్పా" అంది. ఎవరూ వినలేదు.

నీలావతమ్మ కొంగు సర్దుకుంటూ మధ్యలోకి వచ్చింది. "నాకి తెలిసేట్ల చెప్పండి. ఎవరు ఎవరికి ఇస్తాండారు?"

కీర్తన అవ్వ పక్కన అరుగు మీద కూలబడి చెప్పింది. తన కంపెనీకి పెద్ద విమానాలూ ఉన్నాయి, ఫ్యాను రెక్కల చిన్న విమానాలూ ఉన్నాయి. చిన్న ఊర్లకు పోయేవి చిన్నవి. కొత్తగా చేరినవాళ్ళు వాటిలోనే కుడివైపు సీట్లో కూర్చొని పని నేర్చుకుంటారు. కొన్నేళ్ళకు ఎడమవైపు సీటు, అంటే కెప్టెన్ సీటు. ఆ పైన పెద్ద విమానం. ఎవరు ముందు చేరితే వాళ్ళు ముందు మెట్టు ఎక్కుతారు. ఇప్పుడు కంపెనీ ఆ చిన్న విమానాల పనంతా కాంట్రాక్టుకు ఇచ్చేస్తోంది. కాంట్రాక్టు కంపెనీ పైలట్లకు ఏడాదికొకసారి ఉద్యోగం తిరగరాస్తారు. వద్దనుకుంటే రాయరు. తమ దగ్గరకు వెంటనే వచ్చేవాళ్ళకు కెప్టెన్ సీటు ఇస్తామని ఆశ చూపిస్తున్నారు. పైలట్ల సంఘం మాత్రం, పని నియమాలు అందరికీ ఒకటే అని తేలేదాకా ఎవరూ సంతకం పెట్టవద్దంటోంది.

"పెట్టకపోతే?"

"చిన్న విమానాలు ఎట్లయినా పోతాయి అవ్వా. పెద్ద దాంట్లో చోటు వచ్చేదాకా నేల మీద కూర్చోవాల. ఎప్పుడొస్తాదో తెలీదు."

"చూసినావా అమ్మా?" అన్నాడు రంగనాథ్. "ఇంకొక మాట కూడా చెప్పమను. కాంట్రాక్టు కాకపోతే కర్నూలు మాదిరి ఊర్లకు విమానమే ఉండదు. గిట్టదు వాళ్ళకి. ఆ మాట అబద్ధమా?"

"అబద్ధం కాదు నాయనా," అంది కీర్తన. "అందుకే నాకి ఇంతగా తల నొస్తాండాది."

మరుసటిరోజు పెళ్ళికూతురి చీర చూడడానికి అవ్వా మనవరాలూ ధర్మవరం రైలెక్కారు. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరికీ చిన్న తగాదా అయింది. అవ్వే గెలిచింది. పెనుకొండ దగ్గరపడే కొద్దీ కొండ పెద్దదై కిటికీనంతా ఆక్రమించింది. ఆ కొండను నీలావతమ్మ పుట్టిల్లు అత్తిల్లు మధ్య తిరిగినన్నాళ్ళూ చూసింది.

"పైనుంచి ఇది ఎట్ల ఉంటాదే?"

"కోట గోడ దారం మాదిరి కనపడతాది అవ్వా. ఎవరో కొండకు కుట్టు వేసినట్ల. కర్నూలుకు పోయేటప్పుడు పొద్దున ఎండకు చెరువులన్నీ ఒకదాని తరువాత ఒకటి మెరుస్తాయి. ఆ ఒక్క నిమిషం కోసమే నాకి ఈ పని కావాలనిపిస్తాది." గొంతు తగ్గించి, "నాకి మాత్రం ఆశ లేదనుకుంటాండావా? ఎడమ సీట్లో కూర్చున్నట్ల కలలు కూడా వస్తాయి. శుభలేఖ చూసినప్పుడు కోపమొచ్చింది. కానీ ఆ పేరు ఇంకొకసారి చదువుకున్నా, తెలుసా?" అంది.

నీలావతమ్మ మనవరాలి చేయి తన ఒడిలో పెట్టుకుంది.

ధర్మవరంలో ముత్యాలప్ప ఇంట్లో మగ్గం చప్పుడు వీధిలోకే వినిపిస్తోంది. చీర ఒళ్ళంతా ఒక రంగు, వెడల్పాటి అంచు ఇంకొక రంగు. అట్లాంటి చీరకు మగ్గం మీద ఇద్దరుండాలి. గుంతలో కాళ్ళు పెట్టుకొని నేసేవాడు ముత్యాలప్ప. పక్కన కూర్చొని అంచు వైపు నుంచి పోగు చుట్టిన నాడె విసిరేది చంద్ర అనే అమ్మాయి, దినకూలికి వస్తుంది. ఇద్దరి చేతుల మధ్యా నాడెలు అటూ ఇటూ పోతుంటే కీర్తన కన్నార్పకుండా చూసింది.

"రా నీలావతక్కా, రా! విమానం పాప కూడా వచ్చిందే!" అన్నాడు ముత్యాలప్ప. "ఏం పాపా, మా మగ్గం కూడా ఎగురుతాదేమో చూడు."

నీలావతమ్మ పుట్టింట్లో మగ్గాలుండేవి. చిన్నప్పుడు పక్క మనిషి రాకపోతే ఆమె ఆ చోట కూర్చునేది. చీరను కళ్ళతో చూసినా, నమ్మేది మాత్రం వేలినే. అంచూ ఒళ్ళూ కలిసేచోట వేలు జార్చుకుంటూ పోయి ఒకచోట ఆపింది. జానెడు మేర నేత వదులుగా ఉంది. కంటికి కనపడదు. కట్టుకున్నాక నాలుగు ఉతుకులకు తెలుస్తుంది.

"ముత్యాలూ, ఇదేందబ్బా?"

ముత్యాలప్ప వంగి చూశాడు. మొహం మాడిపోయింది. చంద్ర తల ఎత్తలేదు.

"ఏమ్మా, నీకి కనపడలేదా?" అని నీలావతమ్మ మెల్లగా అడిగింది.

"కనపడిందమ్మా." చంద్ర నాడెను ఒడిలో పెట్టుకుంది. "ఆపమంటే అన్నకు పని ఆగిపోతాది. రేపటి నుంచి నన్ను పిలవడేమోనని ఊరుకున్నా."

"నేనెప్పుడన్నా అట్ల అంటినా?" అన్నాడు ముత్యాలప్ప. అని, తనకు తానే సమాధానం చెప్పుకున్నట్టు, "అనలేదు. కానీ మీ రంగనాథన్న పొద్దుకోసారి ఫోను చేస్తాండె. ముహూర్తం దగ్గరికొచ్చింది, ఏమాయె, ఏమాయె అని. నేను కూడా పరుగు మీద ఉంటి. అది నోరు తెరిచే సందు యాడిచ్చినా?" అన్నాడు.

ఎవరి మీదా కోప్పడే వీలు లేకుండా పోయింది. ముత్యాలప్ప పోగు పోగూ వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. చంద్ర అంచు పట్టుకుంది. నీలావతమ్మ మనవరాలికి తన చిన్ననాటి సంగతి చెప్పింది. తన నాయన మగ్గాల దగ్గర ఒక పద్ధతి ఉండేదట. పక్క మనిషి "ఆపు" అంటే నేసేవాడు ఎందుకని అడగకూడదు. ముందు ఆపాలి. తరువాతే అడగాలి. ఊరికే ఆపినా సరే, కసరకూడదు.

కీర్తన అవ్వ మొహంలోకి చాలాసేపు చూసింది. "మాకూ అదే పద్ధతి అవ్వా," అంది.

పెళ్ళి కర్నూలులో. బంధువులంతా బస్సులో పోయారు. నీలావతమ్మ మాత్రం, మనవరాలు తోలే విమానంలో తప్ప కదలనని కూర్చుంది. "కర్నూలు ఉత్తరానుంటే దక్షిణానికి బెంగళూరు పోయి విమానమెక్కడమా? మతి ఉందా మీకు?" అని ఆదిలక్ష్మి ముక్కున వేలేసుకుంది. అయినా రంగనాథ్, సుమతి, నీలావతమ్మ బెంగళూరు పోయారు.

రంగనాథ్ అప్పటిదాకా విమానం ఎక్కలేదు. బయటపడనివ్వలేదు గానీ, బెల్టు పెట్టుకున్న దగ్గర నుంచి చేతులు సీటును వదల్లేదు. నీలావతమ్మ కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. ఇంతలో పైనున్న డబ్బాలో నుంచి కీర్తన గొంతు వినిపించింది. ఇంగ్లీషులో ఏదో చెప్పింది. చివర తెలుగులో, "ఈరోజు ఈ విమానంలో మా అవ్వ మొదటిసారి ప్రయాణం చేస్తోంది. అవ్వా, పెనుకొండ నీ కిటికీ వైపే వస్తాది, చూసుకో" అంది. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి అవ్వ ఎవరా అని వెతికారు. నీలావతమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు ఎప్పుడు తిరిగాయో ఆమెకే తెలియదు.

విమానం నేల వదిలింది. చెట్లు కొత్తిమీర కట్టలయ్యాయి, ఇండ్లు అగ్గిపెట్టెలయ్యాయి. ఆపైన కొండ కనిపించింది. ఇన్నేళ్ళూ మెడ ఎత్తి చూసిన పెనుకొండ ఇప్పుడు ఆమె కాళ్ళ కింద, ముడుచుకొని పడుకున్న ఆవులా ఉంది. దాని వీపు మీద దారంలా కోటగోడ. పిల్ల చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆవల చెరువు ఒకటి తళుక్కుమంది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ధర్మవరం చెరువు అద్దంలా. ఇంత ఎత్తుకు ఇంత బరువును మోసుకొచ్చినది తన చేతి వేళ్ళు పట్టుకొని నడక నేర్చిన పిల్లేనా అని నీలావతమ్మకు ఒళ్ళు జలదరించింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. కొండకా, ఆకాశానికా, తలుపుకు అవతల కూర్చున్న మనవరాలికా, ఎవరికి దణ్ణం పెట్టిందో ఆమెను అడిగినా చెప్పలేకపోయేది.

కర్నూలు దగ్గరపడి విమానం కిందికి దిగుతుంటే గాలి మొదలైంది. రెక్కలు ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు వాలాయి. నేల దగ్గరికి వచ్చేసింది. గడ్డిపోచలు కూడా కనిపిస్తున్నాయి. ఇంక తాకుతుంది, తాకుతుంది అనుకుంటుండగా, ఉన్నట్టుండి ఫ్యాన్లు గర్జించాయి. వీపులు సీట్లకు అతుక్కుపోయేట్టు విమానం ముక్కెత్తుకొని మళ్ళీ ఆకాశంలోకి లేచింది.

"అమ్మా!" అని రంగనాథ్ తల్లి చేయి పట్టుకున్నాడు. సుమతి కళ్ళు మూసుకొని దేవుళ్ళనందరినీ పేరుపేరునా పిలిచింది. నీలావతమ్మ కొడుకు చేతిని నిమురుతూ, "ఏం కాలేదులే నాయనా, పాప ఉండాది కదా" అంది.

చుట్టు తిరిగి వచ్చి ఈసారి పూలబుట్ట దించినట్టు దించారు.

అందరూ దిగిపోయాక ముందరి తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, భుజాల మీద నాలుగు గీతలతో కెప్టెన్ ఆదినారాయణ బయటికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. వెనకే కీర్తన. ఆమె భుజాల మీద గీతలు మూడే.

రంగనాథ్ ఆగలేకపోయాడు. "ఏమాయె సార్? దిగినట్లే దిగి మళ్ళా యాడికి పోతిమి?"

"గాలి ఒక్కసారిగా తిరిగిందండీ. నేను దించగలననే అనుకున్నాను. మీ అమ్మాయి లేపమంది. లేపాను."

"అది చెప్తే మీరు విన్నారా? మీరు కదా సార్ పెద్ద?"

ఆదినారాయణ నవ్వాడు. "ఆ మాట వినపడ్డాక ఎందుకూ ఏమిటీ అని అడిగే పని లేదండీ. ఎవరన్నా సరే, ముందు లేపడమే. పైకి వెళ్ళాక మాట్లాడుకోవచ్చు. వినకపోతే ముందర ఇద్దరం ఎందుకు?"

నీలావతమ్మకు తన నాయన మగ్గం గుంత, ఆయన గాలిలో ఆపిన చేయి, కళ్ళ ముందర నిలిచాయి. ఇంత పెద్ద ఇనప పిట్ట కూడా ఒక పక్క మనిషి మాట మీద ఆగుతుందా!

"సార్, నేనొకటి అడుగుతా," అంది. "రేపు కాంట్రాక్టు కంపెనీలో కూడా పక్క మనిషి ఇట్ల చెప్తే వింటారా?"

"వింటారమ్మా. అక్కడి కెప్టెన్లూ చదువుకొని వచ్చినవాళ్ళే. కానీ చెప్పే మనిషికి ఏడాది తిరిగేసరికి ఉద్యోగం తిరగరాయాలి. రెండుసార్లు వెనక్కి లేపితే ఇంధనం ఖర్చు ఎవరిది అని అడిగేవాళ్ళు ఉండొచ్చు. అప్పుడు మాట గొంతులో ఒక్క క్షణం ఆగిపోతుందేమోనని మా భయం. ఆగిపోతుందని నేననను. ఆగిపోకూడదనే మా గొడవంతా."

పెళ్ళిచీర దగ్గర ఏమి జరిగిందో తల్లి రంగనాథ్‌కు ముందే చెప్పింది. అప్పుడతను, "సరిచేసినారు కదా, ఇంకేం?" అని కొట్టిపారేశాడు. ఇప్పుడు చొక్కా జేబులోని ఫోనును ఒకసారి తడుముకున్నాడు.

ఆ రోజు డ్యూటీ కర్నూలుతోనే ముగిసేట్టు కీర్తన ముందే అడిగిపెట్టుకుంది. కల్యాణమండపంలో అడుగు పెట్టగానే, శుభలేఖ చదివిన బంధువులందరూ "కెప్టెన్ గారు వచ్చిరి!" అని కీర్తనను చుట్టుముట్టారు. మడకశిర నుంచి వచ్చిన పెద్దాయనొకడు చేయి పట్టుకొని, "ఏమమ్మా కెప్టెన్, మన కులానికే పేరు తెచ్చినావు" అన్నాడు. కీర్తన మొహం ఎర్రబడింది. కాదంటే నాయన తల దిగిపోతుంది. అవునంటే, నెలాఖరుకు ఆ సంతకం పెట్టక తప్పదు.

నీలావతమ్మ కొడుకు వైపు చూసింది. రంగనాథ్ చూపు నేల మీదుంది. చెప్పులు సరిచేసుకున్నట్టు కాసేపు వంగి, తరువాత లేచి గొంతు సవరించుకున్నాడు. అంగట్లో పది మందికి వినిపించే గొంతే.

"కెప్టెన్ కాదు మామా. అచ్చులో నేనే తొందరపడి వేయించినా. ఇంకా కుడి సీటే మా పాపది."

"అట్లనా? మరి ఎప్పుడవుతాది?"

"అయినప్పుడు అవుతాది," అన్నాడు రంగనాథ్. "ఈ పొద్దు ఆ కుడి సీట్లో ఉన్నందుకే మేము ఈడికి వస్తిమి."

పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు. "మంచిదప్పా, టిఫిన్ తిన్నారా?" అన్నాడు. కీర్తన మాత్రం నాయన చేయి పట్టుకొని, చిన్నప్పుడు చీరల మూటల మీద నుంచి దిగేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకొని, చాలాసేపు వదల్లేదు.

ఆ నెలాఖరుకు కీర్తన సంతకం పెట్టలేదు. చిన్న విమానాలు కాంట్రాక్టు కంపెనీ చేతికి పోయాయి. ఆమెతోపాటు చేరినవాళ్ళలో కొందరు అటు పోయారు, భుజాల మీద నాలుగో గీత కుట్టించుకున్నారు. వాళ్ళను ఆమె ఒక్క మాట కూడా అనలేదు. సంఘం ఇంకా మాట్లాడుతూనే ఉంది, కంపెనీ ఇంకా వింటూనే ఉంది. కీర్తన హిందూపురంలో పెద్ద విమానం పుస్తకాలు ముందరేసుకొని చదువుకుంటూ, పిలుపు కోసం చూస్తోంది. హిందూపురం మీదుగా విమానం పోయినప్పుడల్లా మిద్దెమీదికి పరుగెత్తుతుంది. తోకమీద అదే గుర్తు. నీలావతమ్మ కూడా వెనకే వచ్చి, కంటికి చేయి అడ్డం పెట్టుకొని చూస్తుంది. లోపల ఎవరున్నారో, వాళ్ళు బాగుండాలి అనుకుంటుంది.

రంగనాథ్ పూర్తిగా మారిపోయాడని చెప్పలేము. "విమానం సంగతి వేరే, మన వ్యాపారం వేరే" అని ఇప్పటికీ అంటాడు. కాకపోతే ధర్మవరానికి పొద్దుకోసారి ఫోను చేయడం మానేశాడు.

మొన్న ఒకరోజు అవ్వా మనవరాలూ మళ్ళీ ధర్మవరం పోయారు. కీర్తనకు ఉన్నట్టుండి మనసు పుట్టి, "చంద్రా, ఒక్కసారి నన్ను కూర్చోనీ" అంది. చంద్ర నవ్వుతూ లేచింది. కీర్తన అంచు వైపు కూర్చొని నాడె చేతిలోకి తీసుకుంది. ముత్యాలప్ప చాలా నిదానంగా నేయసాగాడు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. ఆమె మొదట తడబడింది, తరువాత చేయి కుదిరింది. పిల్ల కళ్ళు పోగుల మీదనే. విమానంలో ముందరి అద్దం వైపు కూడా ఇట్లే చూస్తుందేమో అని నీలావతమ్మ అనుకుంది.

"ఆపు మామా!"

ముత్యాలప్ప చేయి గాలిలోనే నిలిచిపోయింది. తరువాత వంగి, అంచూ ఒళ్ళూ కలిసేచోట వేలితో తడిమాడు. ఇంకొకసారి తడిమాడు.

"ఏమీ లేదు పాపా. కిటికీలో కాకి వాలింది, దాని నీడ పడినట్టుంది."

కీర్తన నాలుక కరుచుకుంది. "ఊరికే ఆపించినా కదా. తప్పయింది మామా."

"తప్పేముంది?" అన్నాడు ముత్యాలప్ప. "అనిపిస్తే చెప్పాల. నేను ఆపాల." అని చంద్ర వైపు ఒకసారి చూసి, నాడె తిరిగి చేతిలోకి తీసుకున్నాడు.